చెవిలో ఇమిడిన టెలిఫోను

ఒక్కొక్కటి అర తులమైనా తూగని వస్తువును గూర్చి చరిత్ర వ్రాయవలసినంత ఏమున్నదని పాఠకులకు తోచవచ్చును. చెవి నాళంలోకి దూర్చుకొని వినే ఇయర్‌ఫోనును విప్పి చూస్తే లోపల కనిపించే సరుకు బహు స్వల్పం. శనగబద్దంత అయస్కాంతం, వెంట్రుకకన్న సన్నని తీగచుట్ట, దానికి అంటించిన పల్చని పొర, వీటిని ఇముడ్చుకొన్న చిప్ప, కొసన ఒక రబ్బరు తొడుగు. అంతే. అయినా 1991లో అమెరికాలో ఈ జాతి వస్తువులో శ్రేష్ఠమైనదానిని కొనాలంటే 300 డాలర్ల పైచిలుకు చెల్లించవలసి వచ్చేది. 2022 నాటికి, స్వరాల పొందికలో దానితో పోటీ పడగలవి 20 డాలర్లకు, అనగా అప్పటి మారకం ప్రకారం సుమారు 1,600 రూపాయలకు, బజారులోకి వచ్చాయి. రాగి చవక అయినందువల్ల ఈ మార్పు రాలేదు. మనిషి చెవి కొలతలు తెలియడంవల్లనూ, ఆ కొలతలు చిన్న కర్మాగారాలవారికి సైతం అందుబాటులోకి రావడంవల్లనూ వచ్చినది. అది ఎట్లా జరిగిందో చూద్దాము.

1876లో అలెగ్జాండర్ గ్రాహం బెల్ పేటెంటు పొందిన టెలిఫోనే ఈ కథకు మొదలు. ఇనుప రేకు, దాని ఎదుట అయస్కాంతం, అయస్కాంతం చుట్టూ తీగచుట్ట: వినే కొసలో ఉండేది ఇదే. తీగచుట్టలో విద్యుత్ప్రవాహం హెచ్చుతగ్గులయినప్పుడల్లా ఆకర్షణ హెచ్చి తగ్గి రేకు కంపిస్తుంది. అయిదేండ్లకే దీనిని వినోదానికి మళ్ళించిన ఘనత ఫ్రాన్సు దేశస్థుడైన క్లెమెంట్ అడేర్‌ది. 1881లో పారిస్‌లో జరిగిన విద్యుత్ ప్రదర్శనలో, అక్కడి ఒపేరా రంగస్థలంపైన వరుసగా టెలిఫోను ప్రేషకాలు అమర్చి, ఆ సంగీతాన్ని తీగలమీదుగా ప్రదర్శనశాలకు తెప్పించాడు. శ్రోతలు చెవికొకటి చొప్పున రెండు రిసీవర్లు పట్టుకొని విన్నారు. రంగస్థలంమీద నటుడు ఈ పక్కనుంచి ఆ పక్కకు నడిస్తే గొంతు కూడా నడిచినట్లు తోచినదట! రెండు చెవుల వినికిడిలోని చమత్కారాన్ని యంత్రంద్వారా జనం చవిచూడటం అదే మొదలు.

చేతులతో రిసీవర్లను ఎంతసేపని పట్టుకొంటారు? 1891లో ఎర్నెస్ట్ మెర్కాడియే అనే ఫ్రెంచి ఇంజనీరు అమెరికాలో ఒక పేటెంటు తీసుకొన్నాడు. రెండు చిన్న రిసీవర్లను ఉక్కు తీగ వంపుతో కలిపి, వాటి ముక్కులు చెవి రంధ్రాలలో కూర్చొనేటట్లు చేశాడు. మొత్తం బరువు 50 గ్రాములకు మించదు. ముక్కులకు రబ్బరు తొడుగులు వేయాలని కూడా వ్రాశాడు. ఒరిపిడి తగ్గడానికీ, బయటి రొద లోపలికి రాకుండా చెవిని మూయడానికీ అని ఆ తొడుగు ప్రయోజనాన్ని వివరించాడు. నూటముప్పది ఏండ్ల తరువాత సైతం ఇయర్‌ఫోను నాణ్యంలో సగభాగం ఆ రబ్బరు తొడుగు మీదనే ఆధారపడి ఉన్నదంటే, ఆయన దూరదృష్టికి ఆశ్చర్యపడవలసిందే. ఆనాడు మాత్రం ఆ వస్తువు టెలిఫోను పనివారి అవసరంగానే పుట్టినది. సంగీతానికి పనికివచ్చే సత్తా దానికి లేదు.

తరువాతి అరవై ఏండ్లలో ముఖ్యమైనవి రెండే రెండు మలుపులు. మొదటిది అమెరికాలోని యూటా రాష్ట్రంలో జరిగినది. నథానియల్ బాల్డ్విన్ అనే ఆయన తయారుచేసిన సున్నితమైన రిసీవర్లను 1910లో అమెరికా నౌకాదళం తెప్పించుకొన్నది. ఆయన వాటిని ఇంటి వంటగదిలోనే తయారుచేసేవాడని చెప్తారు. వాటి కీలకం ‘సమతుల ఆర్మేచర్’. తక్కెడ ముల్లు మధ్యలో నిలిచినట్లు, చిన్న ఇనుప కమ్మీ ఒకటి అయస్కాంత ధ్రువాల నడుమ సరిగా మధ్యలో నిలుస్తుంది. ఏ కొద్ది ప్రవాహం వచ్చినా అటో ఇటో మొగ్గుతుంది. ఆ మొగ్గును చిన్న పుల్ల ద్వారా పొరకు అందిస్తారు. చాలా తక్కువ విద్యుత్తుతో పని జరుగుతుంది. రెండవ మలుపు చెవిటివారి యంత్రాలవల్ల వచ్చినది. హ్యూ నోల్స్ 1946లో స్థాపించిన సంస్థ ఈ సమతుల ఆర్మేచర్‌ను నానాటికీ చిన్నది చేస్తూ, చెవిలో పట్టేటంత పరిమాణానికి దించినది. సంగీతప్రియులు తర్వాత అనుభవించిన భాగ్యానికి వినికిడి లోపం ఉన్నవారి అవసరమే పునాది అన్నమాట.

1954లో వచ్చిన రీజెన్సీ టీఆర్-1 ట్రాన్సిస్టరు రేడియో మొదలు, ఒక చెవికి పెట్టుకొనే చిన్న గుండీ వంటి ఇయర్‌ఫోను లోకమంతా పాకినది. మన ఊళ్ళలో క్రికెట్ వ్యాఖ్యానం వినడానికి పెద్దలు వాడినవి ఈ జాతివే. కొన్నింటిలో అయస్కాంతం బదులు రోషెల్ లవణపు స్ఫటికం ఉండేది. విద్యుత్తు తగిలితే అది వంగి పొరను కదిలిస్తుంది. తయారీ సులభం, ధర తక్కువ. అయితే ఆ లవణం తేమను ఓర్చదు. 55 డిగ్రీల వేడి తగిలితే తనలోని నీటిలో తానే కరిగిపోతుంది. కోస్తా ఉక్కకూ, రాయలసీమ ఎండలో కిటికీ దగ్గర పెట్టిన రేడియోకూ తగిన పదార్థం కాదు. మాట అర్థమయితే చాలుననుకొన్న కాలం గనుక దాని కీచుగొంతును ఎవరూ తప్పుపట్టలేదు.

పాట కోసం ఇయర్‌ఫోను అనే భావం బలపడినది 1979లో సోనీ సంస్థ వాక్‌మన్‌ను విడుదల చేసినప్పుడు. దానితో ఇచ్చిన హెడ్‌ఫోను బరువు 50 గ్రాముల లోపు. 1982లో అదే సంస్థ తలకమ్మీని తీసివేసి, చెవిడొప్ప గుంటలో కూర్చొనే ఇయర్‌ఫోనును తెచ్చినది. వీటిలో ఉన్నది తీగచుట్టయే కదిలే పద్ధతి, మన లౌడ్‌స్పీకరు పద్ధతి. అయస్కాంతం ఎంత బలమైనదయితే చుట్ట అంత చిన్నది కావచ్చును. ఇక్కడే లోహశాస్త్రం చేయి అందించినది. 1980ల మొదట్లో జపానులో మసాటో సగావా, అమెరికాలో జనరల్ మోటార్స్ పరిశోధకులు, ఎవరికివారుగా, నియోడిమియం-ఇనుము-బోరాన్ అయస్కాంతాన్ని సాధించారు. సాధారణ ఫెరైట్ అయస్కాంతంతో పోలిస్తే దీని శక్తి సుమారు పది రెట్లు. నేటి చవక ఇయర్‌ఫోనులలో సైతం ఉన్నది ఇదే. ఈ విరళ మృత్తికల వ్యవహారం తెలుగునేలకు కూడా తగిలినది. హైదరాబాదు దగ్గరి కొంగరకలాన్‌లో ఫాక్స్‌కాన్ కర్మాగారానికి 2023లో శంకుస్థాపన జరిగినది. 2025లో చైనా ఈ జాతి లోహాల ఎగుమతిమీద ఆంక్షలు పెట్టినప్పుడు, అక్కడి ఎయిర్‌పాడ్స్ తయారీకి డిస్ప్రోసియం కొరత వచ్చినదని పత్రికలు వ్రాశాయి.

చెవి గుంటలో ఊరక కూర్చొనే ఆ ఇయర్‌ఫోనుకు ఒక పెద్ద లోపం ఉన్నది. మంద్రస్వరం నిలవదు. ఎందువల్ల? మూతి తెరచి ఉన్న సిరంజిని తీసుకొని ముషలకాన్ని నెమ్మదిగా నొక్కితే గాలి దారి చూసుకొని పోతుంది, ఒత్తిడి పుట్టదు. మూతిని వేలితో గట్టిగా మూసి నొక్కితే వేలికి ఒత్తిడి తెలుస్తుంది. ఇక మూతిని మూసీ మూయనట్లు ఉంచితే ఒక వింత: వేగంగా నొక్కినప్పుడు ఒత్తిడి ఉంటుంది, నెమ్మదిగా నొక్కినప్పుడు గాలి జారిపోతుంది. మంద్రస్వరం అంటే నెమ్మదైన కదలిక. కాబట్టి సందు ఉన్న చోట ముందుగా జారిపోయేది అదే. చెవి నాళాన్ని పూర్తిగా మూస్తే లోపల మిగిలే గాలి ఒకటి రెండు ఘన సెంటీమీటర్లు మాత్రమే. అంత కొద్ది గాలిని నొక్కడానికి సెంటీమీటరు వెడల్పు పొర ధారాళంగా చాలుతుంది.

పాఠకులు దీనిని తామే పరీక్షించుకోవచ్చును. మంచి కర్ణాటక సంగీత కచేరీ రికార్డు ఒకటి పెట్టి, ఇయర్‌ఫోనును బిగువుగా అమర్చుకొని తనియావర్తనం వినండి. తరువాత దానిని నూలువాసి వెలుపలికి లాగండి. మృదంగం ఎడమ మూత నుంచి వచ్చే గుమ్మనే నాదం మాయమవుతుంది. కుడివైపు చాపు మాత్రం టక్కున వినిపిస్తూనే ఉంటుంది. “ఈ ఇయర్‌ఫోనులో బేసు లేదు” అని అంగడివానితో వాదించేవారిలో పెక్కుమంది తప్పు సైజు తొడుగు వేసుకొన్నవారే. పెట్టెలో మూడు సైజుల తొడుగులు ఇవ్వడం అలంకారానికి కాదు. రెండు చెవులకు ఒకే సైజు సరిపోవాలనే నియమం కూడా లేదు.

నాళాన్ని మూయడంతో ఒక చిక్కు తీరి మరొకటి వస్తుంది. కళాశాలలో అనునాద స్తంభ ప్రయోగం చేసినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. సెకనుకు 512 కంపనాల శ్రుతిదండాన్ని గొట్టం మూతి దగ్గర పట్టి నీటిమట్టాన్ని దించుతూ పోతే, గాలిస్తంభం సుమారు 16 సెంటీమీటర్లయినప్పుడు ఖంగున మోగుతుంది. మన చెవి నాళం కూడా ఒకవైపు తెరచి, రెండవవైపు కర్ణభేరితో మూసిన గొట్టమే. పొడవు సుమారు 2.5 సెంటీమీటర్లు. చెవిడొప్ప గుంటను కూడా కలుపుకొంటే దీని అనునాదం సెకనుకు 3,000 కంపనాల దరిదాపులలో పడుతుంది. ఆ ప్రాంతపు శబ్దం కర్ణభేరిని చేరేటప్పటికి 15 డెసిబెల్లకు పైగా హెచ్చుతుంది. పుట్టినప్పటినుంచి మనం లోకాన్ని ఈ హెచ్చింపుతోనే వింటున్నాము. మెదడుకు అదే సహజం. ఇయర్‌ఫోనుతో నాళం మూతిని మూసివేయగానే ఆ అనునాదం చెడి, మరెక్కడో 8,000 ప్రాంతానికి ఎగబ్రాకుతుంది. పోయినదానిని ఇయర్‌ఫోనే తన స్వరంలో కలిపి ఇవ్వాలి. ఇవ్వకపోతే గాయకుడు దుప్పటి కప్పుకొని పాడుతున్నట్లుంటుంది. ఎక్కువ ఇస్తే ‘స’, ‘ష’ అక్షరాలు చెవిలో గుచ్చుకొంటాయి. ఎంత ఇవ్వాలో తెలియడమే విద్య.

ఆ విద్య కొలతలతో వచ్చినది. 1970 ప్రాంతంలో అమెరికాలోని సిరక్యూస్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ జ్విస్లాకీ, మనిషి చెవిలాగానే శబ్దానికి స్పందించే లోహపు కృత్రిమ చెవిని నిర్మించాడు. 1972లో నోల్స్ సంస్థ సగటు మనిషి తల, మొండెం, చెవిడొప్పలు కలిగిన ‘కెమార్’ అనే బొమ్మను తయారుచేసినది. 1981లో అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘం కృత్రిమ చెవికి 711 అనే సంఖ్యతో ప్రమాణం నిర్ణయించినది. అప్పటినుంచి “నా చెవికి బాగున్నది” అనే మాట స్థానంలో, అందరూ సరిచూసుకోగల గీత ఒకటి కాగితంమీదికి వచ్చినది.

ఈ గీతలను సంగీతానికి వినియోగించినవాడు మీడ్ కిలియన్. నోల్స్ సంస్థలో ఏండ్ల తరబడి పనిచేసి, 1983లో ఎటిమోటిక్ అనే పరిశోధన సంస్థను స్థాపించాడు. గ్రీకు మాటలతో కూర్చిన ఆ పేరుకు ‘చెవికి నిజమైనది’ అని భావం. మొదట వినికిడి పరీక్షలకోసం నాళంలో అమరే సాధనాలు చేశాడు. 1991లో వాటి వారసత్వంగా ఈఆర్-4 అనే ఇయర్‌ఫోను వచ్చినది. చిన్న సమతుల ఆర్మేచర్, మూడు గొడుగులు దొంతి పెట్టినట్లున్న తొడుగు, చెవి తెరచి ఉన్నప్పటి అనునాదాన్ని లెక్కకట్టి కలిపిన స్వరం: ఇవి దాని సంపద. మొదట్లో మనం చెప్పుకొన్న 300 డాలర్ల వస్తువు ఇదే. 1995లో జెర్రీ హార్వే రంగస్థల వాద్యకారులకోసం చెవి అచ్చు తీసి చేసిన ఇయర్‌ఫోనులు మరొక దారి తెరిచాయి గాని, అవి సామాన్యుని సంచికి అందేవి కావు.

సామాన్యునికి 2001 తరువాత దక్కినది ఐపాడ్ వెంట వచ్చిన తెల్లని గుండీ, దాని వేలాది అనుకరణలు. నాళాన్ని మూయని జాతి గనుక పైన చెప్పిన మంద్రస్వర దోషం వాటన్నింటిలోనూ ఉన్నది. ఆ లోటును కప్పిపుచ్చడానికి, నాళాన్ని మూసే చవకరకాలలో కొందరు తయారీదార్లు మంద్రాన్ని మోతాదు మించి పోశారు. కొనేవారు దానినే నాణ్యమనుకొన్నారు.

మంచి స్వరమంటే ఏమిటి అనే ప్రశ్నకు జవాబు వెదకిన కృషిలో హార్మన్ సంస్థకు చెందిన షాన్ ఆలివ్, టాడ్ వెల్టీల పరిశోధన ముఖ్యమైనది. 2012 మొదలు వారు పలువురు శ్రోతలకు, ఏది ఏ ఇయర్‌ఫోనో తెలియనివ్వకుండా, వేరువేరు స్వరాలను వినిపించి మార్కులు వేయించారు. మంచి గదిలో మంచి లౌడ్‌స్పీకరు వినిపించినట్లుండే స్వరాన్నే అధిక సంఖ్యాకులు మెచ్చుకొన్నారు. దానిని ఒక గీతగా ప్రకటించారు. ఈ గీత శిలాశాసనమేమీ కాదు. మంద్రం మరికొంత కావాలనేవారూ, తక్కువ చాలుననేవారూ ఉంటూనే ఉంటారు. అయినా అది గురి పెట్టడానికి పనికివచ్చే ఆనవాలు. 2017లో యెరూన్ బ్రేబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోనులను, ఇయర్‌ఫోనులను కొలిచి, స్వరగీతకూ ధరకూ సంబంధం కనిపించలేదని ప్రకటించాడు. హెచ్చు వెల ఇచ్చినవారికి ఇది కొంచెం కష్టమైన కబురే!

ఇంతలో చైనాలో కృత్రిమ చెవికి చవకైన నకళ్ళు తయారయ్యాయి. ప్రమాణశాలల్లో వాడే అసలు సాధనం వేల డాలర్లది. నకలు అందులో చిన్న భాగానికే దొరికినది. షెంజెన్, చెంగ్డూ నగరాల చిన్న సంస్థలు దానిని బల్లమీద పెట్టుకొని, పొరకు ముందొక జల్లెడ, వెనుకొక సూదిరంధ్రం మార్చి మార్చి, ప్రకటిత గీతకు తమ గీతను దగ్గరకు తెచ్చుకోసాగాయి. కొనేవారిలో ఉత్సాహవంతులు సైతం అదే నకలుతో కొలిచి తప్పులు పట్టసాగారు. 2022లో మూన్‌డ్రాప్ సంస్థవారి ‘చూ’, సెవెన్‌హెర్ట్జ్ వారి ‘సాల్‌నోట్స్ జీరో’ 20 డాలర్ల ప్రాంతంలో వచ్చాయి. రెండింటిలోనూ చెవికి ఒక్కటే కదిలే చుట్ట. పెట్టెమీద “అయిదు డ్రైవర్లు, పది డ్రైవర్లు” అని అచ్చువేసి అమ్మే వాటికన్న ఇవి ఎన్నో రెట్లు మేలని నా అభిప్రాయం. నలుగురు గాయకులు కలిసి పాడినంతమాత్రాన శ్రుతి కుదరదు గదా.

శ్రుతి కుదిరి, చెవి బాగా మూసుకొంటే కలిగే మరొక లాభం వినికిడికి సంబంధించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి 2019లో ప్రకటించిన ప్రమాణం ప్రకారం పెద్దలు వారానికి 80 డెసిబెల్ల శబ్దాన్ని 40 గంటలు వినవచ్చును. ప్రతి 3 డెసిబెల్లకు శబ్దశక్తి రెట్టింపవుతుంది గనుక కాలం సగం కావాలి. 83కు 20 గంటలు, 86కు 10, 89కు 5. ఇక బస్సులో రొద 76 డెసిబెల్లు ఉన్నదనుకొందాము. నాళాన్ని మూయని ఇయర్‌ఫోనుతో పాట స్పష్టం కావాలంటే దానికి పది డెసిబెల్లు పైన, 86 దగ్గర, పెట్టాలి. రోజుకు రెండు గంటల ప్రయాణమయితే అయిదు రోజులకే వారపు వాటా చెల్లు. చక్కగా అమరిన తొడుగు బయటి రొదను 20 డెసిబెల్లు తగ్గించినదనుకొంటే 66 దగ్గరనే అదే స్పష్టత దొరుకుతుంది. ఈ లాభం కూర్చున్నవారికే సుమా. రోడ్డు దాటేవాడు చెవులు మూసుకొంటే లారీ హారను కూడా 20 డెసిబెల్లు తగ్గే వినపడుతుంది.

స్వరం చవక అయినంత సులభంగా కట్టుబడి చవక కాలేదు. స్వరంలోని మేలు తెలివివల్ల వచ్చినది. తెలివిని ఒకసారి సంపాదిస్తే లక్ష ముక్కలకు పంచవచ్చును. టంకం మాత్రం ముక్కముక్కకూ వేయవలసిందే, తీగ మూరమూరకూ కొనవలసిందే. అందువల్ల చవక ఇయర్‌ఫోనులో పొదుపు జరిగేది అతుకుల దగ్గర. పాత తీగ ఇయర్‌ఫోనులు ఎక్కడ చస్తాయో గమనించండి: పిన్ను మెడ దగ్గర, లేదా తీగ చిప్పలోకి దూరే చోట. జేబులో మడత పడి పడి లోపలి రాగి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. కొన్నాళ్ళు పిన్నును వంచి పట్టుకొంటే పలుకుతుంది, తరువాత అదీ ఉండదు. ఆ మెడలో మెత్తని రబ్బరు ఒర పొడవుగా ఉంటే వంపు ఒక్క చోట పడక ఆయుర్దాయం పెరుగుతుంది. వట్టి గట్టి ప్లాస్టిక్ ఉంటే ఒర ముగిసిన చోటనే తెగుతుంది. కొనేటప్పుడు వంచి చూడదగిన భాగం ఇది.

పైన చెప్పిన ‘చూ’లో మొదట తీగ విడదీయడానికి వీలులేనిది. తీగ తెగితే స్వరమెంత మంచిదయినా పారవేయవలసిందే. 2023లో వచ్చిన దాని రెండవ రకంలో తీగ ఊడదీసి మార్చుకొనే రెండు పిన్నుల అమరిక పెట్టారు. ముక్కు చివరి జల్లెడను సైతం మరతో విప్పి మార్చవచ్చును. ఈ రెండవ సౌకర్యం చిన్నదిగా కనిపిస్తుంది గాని చాలా అవసరం. గులిమి ఆ జల్లెడలో పేరుకొంటే ముందుగా తారస్వరాలు మందగిస్తాయి. ఒక పక్కది మరీ మూసుకొంటే “ఎడమది పాడయినది” అని అవతల పారవేస్తారు. మెత్తని పొడి కుంచెతో, ముక్కును క్రిందికి వంచి పట్టుకొని దులిపితే పెక్కు సందర్భాలలో ప్రాణం వస్తుంది. నీరు, స్పిరిటు పోయరాదు. ఊడదీసే అమరికకూ దాని బాధలు దానికి ఉన్నాయి. చెమట పట్టి పిన్నులు చిలుమెక్కుతాయి. పారదర్శకమైన తొడుగుగల తీగ ఏడాదికి పచ్చబడేదీ అందువల్లనే. ఆ పచ్చదనంవల్ల స్వరానికి హాని లేదు, చూపుకు మాత్రమే.

చవక సరుకులో స్వరాన్ని గూర్చి మిగిలిన నిజమైన ఫిర్యాదు, ఎడమ కుడుల పొత్తు. పొరలను జతకట్టేటప్పుడు కొలిచి ఏరితే సమయం పడుతుంది, సమయానికి కూలి పడుతుంది. ఏరనిచోట ఒక పక్క రెండు డెసిబెల్లు హెచ్చయి, నడిమధ్య వినపడవలసిన గాయకుడు ఒక పక్కకు ఒరుగుతాడు. దీనిని పట్టడానికి యంత్రం అక్కరలేదు. ఎడమదానిని కుడి చెవిలో, కుడిదానిని ఎడమ చెవిలో పెట్టుకొని వినండి. ఒరుగు కూడా పక్క మారితే దోషం ఇయర్‌ఫోనుది. మారకపోతే చెవిదో, తొడుగుదో.

2016లో ఐఫోన్ 7లో ఇయర్‌ఫోను రంధ్రం తీసివేసిన తరువాత తీగ లేని జతలు విజృంభించాయి. తీగ తెగే బెడద పోయినది. దాని స్థానంలో ప్రతి చిప్పలోనూ ఒక చిన్న లిథియం ఘటం వచ్చి చేరినది. ఘటం నిండి ఖాళీ అయిన ప్రతిసారీ కొంత అరుగుతుంది. రెండు మూడేండ్లకు అయిదు గంటలు పాడేది రెండు గంటలకు దిగవచ్చును. చవకరకాలలో చిప్పను జిగురుతో మూసివేస్తారు గనుక ఘటాన్ని మార్చడానికి దారి ఉండదు. అప్పటికి లోపలి అయస్కాంతం, తీగచుట్ట, పొర కొత్తవాటి వలెనే ఉంటాయి.